జెమి విస్తరాకు

రామక్క బిడ్డను భుజాన వేసుకుని ఇంటిదారి పట్టడానికి లేచింది. ఆమెను ఆపే మాట క్రిస్టోఫర్ డాక్టరు దగ్గర ఇంకొక్కటి కూడా మిగల్లేదు.

చెప్పవలసినవన్నీ చెప్పాడు. ఐదేళ్ళ దుర్గ కింది కనురెప్ప లాగి చూపించాడు. ఎర్రగా ఉండవలసిన చోట సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. పిల్ల ఎడమ డొక్క కింద తల్లి చెయ్యి పెట్టించి, కడుపులో ప్లీహం బల్లకట్టి ఎంత పెరిగిందో తడిమించాడు. వేలి చివర పొడిచి తీసిన రక్తపు చుక్క కిట్టు మీద రెండు గీతలు తేల్చింది. అంటే మెదడుకెక్కే రకం మలేరియా. సెలైన్‌లో మందు కలిపి ఎక్కించడం తన చేతిలో పని. కానీ ఒంట్లో రక్తమే లేని పిల్లకు ముందు రక్తం ఎక్కించాలి, ఆ ఏర్పాటు తాటివాగు సర్కారు దవాఖానాలో లేదు. భద్రాచలం పోవాలి. జీపు వాకిట్లో ఉంది, అందులో డీజిలుంది, డ్రైవరు తాగకుండా ఉన్నాడు. ఈ మూడూ ఒక్కసారి కుదరడం ఆ దవాఖానాలో ఎప్పుడో గానీ జరగదు. అయినా రామక్క వద్దంటున్నది.

ఆమెను తప్పు పట్టడానికి లేదు. కిందటేడు వానల్లో పెద్దకొడుకు గణేషును ఇలాగే ఆలస్యంగా తెచ్చి, ఇలాగే జీపెక్కించి పంపారు. మర్నాడు పోయాడు. తిరిగి రావడానికి ఏ బండివాడూ ఒప్పుకోకపోతే తండ్రి జంపయ్య పిల్లవాణ్ణి తువ్వాలలో చుట్టి, బస్సులో ఒళ్ళో పడుకోబెట్టుకుని, నిద్రపోతున్నాడని కండక్టరుతో చెప్పి, చర్ల దాకా తెచ్చుకున్నాడు. అక్కడ దిగి అడవిదారిన రేగులవాయి వరకు మోసుకుంటూ నడిచాడు. ఇప్పుడా జంపయ్య దవాఖానా గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. భార్య ఎటంటే అటే.

మాటలైపోయినప్పుడు మనిషన్నవాడు నోరు మూసుకోవాలి. క్రిస్టోఫర్‌కు ఆ విద్య అబ్బలేదు.

"ఆగు రామక్కా. నా బిడ్డ గూడ గీ జరంతోనే పోయింది" అన్నాడు.

రోగికి తన సంగతి చెప్పుకోవడం అతనికి అలవాటు. మొదట్లో అది మంచి అలవాటే. టీబీ మాత్రలు నడుమ మానేసేవాళ్ళకు, చదువుకునే రోజుల్లో తనకూ టీబీ వచ్చిందని, మాత్రలకు తనూ వాంతులు చేసుకున్నాడని చెప్పేవాడు. అది నిజం. సలహా చెబితే గోడవైపు చూసే మనుషులు ఆ మాట చెబితే మొహం వైపు చూసేవాళ్ళు, వచ్చే నెల మాత్రలకు వచ్చేవాళ్ళు. ఆ రుచి మరిగాడు. కడుపు ఆపరేషనుకు భయపడేవాళ్ళకు అంగీ ఎత్తి తన కోత మచ్చ చూపించాడు, అదీ నిజమే. తరవాత కుక్క కరవకపోయినా కరిచిందన్నాడు. బీపీ లేకపోయినా ఉందన్నాడు. అన్నీ రోగి మంచికే గదా, ఎవరికేం నష్టం? ఇదుగో, ఇలా జారుకుంటూ జారుకుంటూ ఈ మాట దాకా వచ్చాడు.

రామక్కకు తెలుగు బాగానే వచ్చు. కానీ బరువైన మాటైతే అది తన భాషలో వినాలి ఆమెకు. అందుకని నర్సు అంతోనమ్మ వైపు తిరిగింది. అంతోనమ్మ ఈ అడవి ఊళ్ళలోనే పిల్లలకు సూదులేస్తూ ముసలిదౌతున్న మనిషి, కోయభాషలో కలలు కూడా కంటుంది. కిందటి క్రిస్మస్‌కు డాక్టరు కూతురు జెమికి దగ్గర కూచోబెట్టుకుని అరిసెలు తినిపించింది. ఆమె డాక్టరు మొహం చూసింది. ఆ చూపును క్రిస్టోఫర్ తప్పించుకున్నాడు. పిల్ల మెడ వాలిపోతోంది. అంతోనమ్మ చేతిలోని దూదిని ట్రేలో పెట్టి, ఆ మాటను అలాగే కోయలోకి మార్చి చెప్పింది.

రామక్క మళ్ళీ బల్ల మీద కూచుంది.

"ఇంట్లనే మందులున్నయి, నేనే డాక్టర్ని" అన్నాడు క్రిస్టోఫర్. "రేపటికి తగ్గుతదిలే అనుకున్న. ఒక్క దినం ఆగిన. నువ్వు ఆగకు."

అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. అబద్ధం చెబుతూ ఏడవగలిగేవాళ్ళుంటారు, అతను ఆ రకం కాదు. లేని చావును ఊహించుకున్న ఆ క్షణంలో తండ్రి గుండె భయపడింది, అంతే. రామక్క ఆ కళ్ళనీళ్ళను చూసింది. అంతోనమ్మతో పని లేకుండా, తెలుగులోనే అడిగింది.

"ఏం పేరు?"

చావును కల్పించడానికి క్షణం పట్టలేదు గానీ పేరును కల్పించడానికి అతనికి తోచలేదు.

"జెమి" అన్నాడు.

రామక్క ఆ పేరును ఒకసారి పెదాలతో పలికి చూసుకుంది. లేచి, బిడ్డను భుజాన సర్దుకుని, జీపు వైపు నడిచింది. జంపయ్య ఆమె వెనకాల చెప్పులు మరిచిపోయి పరిగెత్తాడు.

జీపు కదిలి మలుపు తిరిగాక క్రిస్టోఫర్ చేతులు కడుక్కుంటూ, పిల్ల బతుకుతుంది సిస్టర్ అన్నాడు. బతకాలనే గదా చెప్పిన అంది అంతోనమ్మ. "నువ్వు ఒక్కసారే అన్నవు సార్. నేను ఇంకో భాషల మళ్ళ అన్న" అని స్లైడ్లు తుడుచుకుంది.

*

దుర్గ బతికింది. రక్తం ఎక్కింది, జ్వరం దిగింది. నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు, కొత్త గౌనుతో రేగులవాయికి తిరిగొచ్చింది. క్రిస్టోఫర్ తన అబద్ధాన్ని మరిచిపోయాడనలేం గానీ, దాన్ని మంచి అబద్ధాల లెక్కలో వేసుకుని గుండె మీద నుంచి దించేసుకున్నాడు.

వానలు వెనకబట్టాయి. కోయగూడేల్లో కొత్తల పండుగ మొదలైంది. కొత్త పంటను ముందు చచ్చిపోయినవాళ్ళకు పెట్టి, పేరుపేరునా పిలిచి, వాళ్ళు తిన్న తరవాతే బతికున్నవాళ్ళు ముట్టుకోవాలి.

సంత రోజున రామక్క వచ్చింది. ఓపీ వరసలో కూచోలేదు. డాక్టరు ఒకతని పిక్క మీద చీముగడ్డ కోసి, గాజుగుడ్డ కూరుతూ ఉంటే, గుమ్మం దగ్గర గొంతుక్కూచుని చూస్తూ ఉంది. కట్టు కట్టడం అయ్యాక లేచి, మోదుగాకు పొట్లం బల్ల మీద పెట్టింది. కొత్త బియ్యపు అన్నం, చిక్కుడుగింజలు. దుర్గ సంగతి అడిగాడు. పందిపిల్ల వెనక ఉరుకుతోందని చెప్పింది. మంచిది, మాత్రలు మాత్రం పూర్తిగా వాడమన్నాడు. ఆమె పోలేదు.

"సారూ, నీకు చేను లేదు గదా" అంది.

లేదన్నాడు నవ్వుతూ.

చేను లేనివాళ్ళు కొత్తలు పెట్టరు, పెట్టకపోతే పోయిన పిల్ల ఎవరి గుమ్మం ముందు నిలబడుతుందని రామక్క చాలా రోజులు ఆలోచించిందట. జంపయ్యతో అంది, పెద్దమనిషి ముసలయ్యను అడిగింది. బయటి కులం పిల్లకు మన ఇంట్లో పెట్టొచ్చా అని ముసలయ్య కొంచెం తటపటాయించాడట. ఆ పిల్ల పేరు వినే నేను జీపెక్కాను, నా దుర్గ దక్కింది, పెట్టక తప్పదని తనే గట్టిగా పట్టుబట్టిందట. ఇంటి లోపల గణేషు ఆకు పక్కన ఇంకో ఆకు వేసింది. పేరు పెట్టి పిలిచింది.

"మావోడు ఏడాది సంది ఒక్కడే ఉండె. చీకటైతే భయం వానికి" అంది రామక్క. "ఇప్పుడు నీ జెమి ఉన్నది. తోడు దొరికింది."

ఆ చెప్పడంలో కన్నీళ్ళు లేవు. చాలాకాలంగా నిద్రపట్టని మనిషి ఒక రాత్రి బాగా నిద్రపోయి లేచినట్టు ఉంది మొహం. దుర్గ బతికినప్పుడు కూడా ఆ మొహం ఇంత తేలిక పడలేదని క్రిస్టోఫర్‌కు అనిపించింది. చేతికున్న తొడుగు తీయబోయి, తీయలేక, చిరిగిన రబ్బరు వేళ్ళకు అలాగే ఉండగా నిలబడిపోయాడు. నా బిడ్డ కొత్తగూడెంలో రెండో తరగతి చదువుతోంది తల్లీ, రేపు దసరా సెలవులకు ఇక్కడికొస్తోంది. ఈ మాట గొంతు దాకా వచ్చింది. వచ్చిన మాటను మింగాడు. మింగి, పొట్లం విప్పి, ఆమె చూస్తుండగా రెండు ముద్దలు తిన్నాడు. ఆమె సంతోషపడి సంతలోకి వెళ్ళిపోయింది.

ఆ పూట అతనికి సిగ్గేసింది. దొంగతనం చేసినవాడికి కూడా ఎక్కడో ఒకచోట సొమ్ము తిరిగిచ్చే దారుంటుంది. ఇక్కడ ఏది ఎవరికి తిరిగివ్వాలి? అయినా, నిజం చెప్పకూడదు అనడానికి అతనికి కారణాలు బోలెడు దొరికాయి. చెబితే రేగులవాయి వాళ్ళు మళ్ళీ దవాఖానా గడప తొక్కరు. చెబితే ఆమె కొడుకు తోడు పోతుంది. ఇన్ని కారణాల అడుగున తన మొహం దాచుకునే కారణం కూడా ఉందని అతనికి తెలుసు.

సంచులు సర్దుకుంటున్న అంతోనమ్మతో, జెమి వచ్చినా క్వార్టర్ దాటి ఇటు రాకుండా చూడాలి సిస్టర్, జరాల కాలం గదా అన్నాడు. ఆమె అతని వైపు చూడకుండానే అడిగింది.

"బతికున్న పిల్లను ఎన్ని దినాలు దాస్తవు సార్?"

*

గ్రేస్, జెమి మర్నాడు మధ్యాహ్నం బస్సుకు దిగారు. గ్రేస్ కొత్తగూడెంలో బడిపంతులమ్మ, పుట్టిల్లు సత్తుపల్లి వైపు. జెమికి ముందరి పళ్ళు రెండు ఊడాయి. ఆ సందులోంచి ఈల వేయడం నేర్చుకుంది. తండ్రికి వేసి చూపించింది. దవాఖానా వైపు పోవద్దని అతను కూతురికి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఎందుకన్నది పిల్ల. సూదులుంటయి అన్నాడు. దానికి సూదులంటే భయం లేదు.

ఆ మర్నాడు పొద్దున్నే జంపయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. తన తమ్ముడి వరస సీతయ్య కొడుకు, నాలుగేళ్ళవాడు, తెల్లారి నుంచి కొట్టుకుంటున్నాడట, కళ్ళు పైకి పోతున్నాయట. తీసుకురాకుండా నువ్వొచ్చావేం అని క్రిస్టోఫర్ గద్దించాడు. జంపయ్య నీళ్ళు నమిలాడు. సీతయ్య పంపనంటున్నాడు సారూ, నువ్వొచ్చి చెప్పు అన్నాడు.

జీపును వాగు ఇవతలి గట్టుకు రమ్మని డ్రైవరుకు చెప్పి, మందుల సంచీతో అంతోనమ్మను వెనక కూచోబెట్టుకుని, క్రిస్టోఫర్ మోటర్ సైకిల్ తీశాడు. వాగులో నీళ్ళు ఇంజను దాకా వచ్చాయి. ఆమె దిగి చీర ఎత్తిపట్టి నడిచింది, అతను బండి ఆగిపోకుండా రేజు చేస్తూ దాటించాడు.

సీతయ్య వాకిట్లో నులకమంచం మీద పిల్లవాడున్నాడు. మూర్ఛ ఆగింది గానీ తెలివి లేదు. అంతోనమ్మ తడిగుడ్డతో ఒళ్ళు తుడవడానికి కూచుంది, అది సీతయ్య వద్దనలేదు. క్రిస్టోఫర్ సంచీలోంచి సూది తీయగానే సీతయ్య మంచానికి అడ్డం వచ్చి నిలబడ్డాడు. కోపం లేదు ఆ మనిషిలో. చేతులు జోడించే ఉన్నాడు. గూడెం జనం పది పదిహేను మంది చుట్టూ చేరారు. ముసలయ్య కర్ర ఆనించుకుని అరుగు మీద కూచున్నాడు. రామక్క, దుర్గను చంకనేసుకుని, డాక్టరుకు నీళ్ళచెంబు తెచ్చింది.

"సారూ, నువ్వు మంచోనివి" అన్నాడు సీతయ్య. "నీ ఇంట్లనే మందులుండె. నీ చేతిలనే సూది ఉండె. అయినా నీ బిడ్డనే నువ్వు దక్కించుకోలేకపోతివి. మా పిలగాడు నీతోని ఏం దక్కుతడు?"

ఎవరో తన చెంప మీద కొట్టి ఉంటే క్రిస్టోఫర్ తట్టుకునేవాడు. సీతయ్య ఎత్తిపొడవలేదు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి మీద జాలితో, నొప్పి తగలకుండా, నెమ్మదిగా అన్నాడు. రామక్క అడ్డుపడి, నా దుర్గ దక్కలేదా అంది. దుర్గకు ఇంకా నూకలున్నాయి, దక్కింది, అన్నాడతను. ఏ మాట విని రామక్క జీపెక్కిందో, ఆ మాటే ఇక్కడ ఈ పిల్లవాడి మంచానికి అడ్డం నిలబడింది. పొరపాటు సీతయ్యది కాదు. ఉన్నదున్నట్టు ఆలోచించాడు. క్రిస్టోఫర్ చెప్పిందే లేనిది.

మంచం మీద పిల్లవాడి చెయ్యి ఒకసారి ఎగిరిపడింది. ఇంకో మూర్ఛ వస్తే వీడు మిగలడు. క్రిస్టోఫర్ చేతిలో సూదిని పక్కన పెట్టి సీతయ్య వైపు తిరిగాడు.

"నా బిడ్డ చావలేదు. బతికే ఉన్నది. నేను అబద్ధం చెప్పిన."

అంతోనమ్మ, ఎవరూ అడగకుండానే, తలెత్తకుండానే, గుడ్డ పిండుతూ ఆ మాటను కోయలో చెప్పింది. అప్పుడు రామక్క చేతిలో చెంబు వంగి నీళ్ళు కారిపోయాయి. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళలోకి చూసే ధైర్యం లేక క్రిస్టోఫర్ చెంబు వైపు చూశాడు. కోపమనుకున్నాడు, అసహ్యమనుకున్నాడు. ఏదైనా తనకు తగిందే అనుకున్నాడు.

సీతయ్య మాత్రం నమ్మలేదు. ఎందుకు నమ్ముతాడు?

"ఆనాడు చచ్చిందంటివి. ఈనాడు బతికున్నదంటున్నవు. పిల్లల్ని తీస్కపోవాల్నంటే నువ్వు ఏదన్న అంటవు సారూ."

దానికి ఉన్న జవాబల్లా క్వార్టర్ వాకిట్లో ఈల వేసుకుంటోంది. రామక్క ఒక్క మాటే అంది, చూపిస్తావా అని. చూపిస్తానన్నాడు. చూపిస్తే పంపుతావా అని సీతయ్యను అడిగాడు. సీతయ్య ముసలయ్య వైపు చూశాడు. ముసలయ్య తలూపాడు.

*

గ్రేస్ బియ్యం ఏరుతోంది. జెమిని బండెక్కించమని క్రిస్టోఫర్ అనగానే, జ్వరాల గూడేనికి పిల్లనెందుకు అంది. అతను చెప్పాడు. గుమ్మంలో నిలబడి, ఊపిరి తిప్పుకోకుండానే, మూడు నాలుగు మాటల్లో మొత్తం చెప్పాడు. పెళ్ళైన తరవాత భార్య దగ్గర ఇంత తల దించుకుని అతను ఎన్నడూ మాట్లాడలేదు. గ్రేస్ చేటను పక్కన పెట్టింది. అరుస్తుందనుకున్నాడు, అరవలేదు.

"ఎవరినో ఒకరిని చంపాలంటే నా పేరు చెప్పకపోయారా?" అంది. "దాని పేరెలా వచ్చిందండీ మీ నోటికి?"

ఆమె లోపలికి వెళ్ళి, జెమికి తల దువ్వి, గౌను మార్చింది. చచ్చిపోయిందనుకున్న పిల్లను చూడటానికి వస్తారు జనం, మాసిన గౌనుతో ఎలా తీసుకుపోతాం అన్నట్టుంది ఆ దువ్వడం. తనూ బండెక్కింది. దారిలో భర్త భుజం మీద చెయ్యి వేయలేదు, సీటు వెనక కమ్మీ పట్టుకుని కూచుంది. ముందు ట్యాంకు మీద కూచున్న జెమి, వాగు రాగానే కాళ్ళు పైకెత్తి కేరింతలు కొట్టింది.

పిల్లవాడు బతికాడు. ఆ మాట ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీ ప్రాణం వాడి మీదే ఉంటుంది. బండి ఆగీ ఆగకముందే సీతయ్య జెమి దగ్గరికొచ్చాడు. దాని ముంజేయి పట్టుకున్నాడు, వేడిగా ఉంది. ఇంకెవరి పిల్లనో తెచ్చాడన్న అనుమానం ఏమన్నా ఉంటే దాని ముక్కు తీర్చేసింది, అచ్చం తండ్రి ముక్కు. సీతయ్య ఇంకో మాట మాట్లాడకుండా మంచం దగ్గర్నుంచి పక్కకు జరిగాడు. క్రిస్టోఫర్ నరం వెతికి మందిచ్చాడు. సీసా కట్టాడు. జంపయ్య, ఇంకొకతను మంచం ఎత్తుకుని వాగు దాటించారు. అంతోనమ్మ సీసా పైకెత్తి పట్టుకుని పక్కనే నీళ్ళలో నడిచింది. అవతలి గట్టున జీపు తలుపు పడిన చప్పుడు గూడెం దాకా వినిపించింది. భార్యనూ బిడ్డనూ దింపి తను వెనకే వస్తానని క్రిస్టోఫర్ చెప్పి పంపాడు. జంపయ్య తడిసిన కాళ్ళతో తిరిగొచ్చాడు.

ఇక బయల్దేరుదామని బండి తిప్పుతుంటే రామక్క ఎదురొచ్చింది. తిడుతుందని సిద్ధపడ్డాడు. తిట్టాలనే కోరుకున్నాడు కూడా. ఆమె అతన్ని చూడలేదు, జెమి కాళ్ళ దగ్గర కూలబడింది. రెండు చేతులతో దాని పాదాలు, మోకాళ్ళు, మొహం తడిమింది. తడుముతూ తెలుగులో అతనికి చెప్పుకుంది.

"తెల్వక పిలిచిన సారూ. బతికున్న పిల్లను చచ్చినోళ్ళల్ల కలిపి పిలిచిన. పొద్దుమాపు పిలిచిన. నీ బిడ్డకు ఏమన్నయితే అది నా పాపమే. మాఫ్ చెయ్యి."

నీళ్ళచెంబు ఒలికినప్పుడు ఆమెకు కలిగింది కోపం కాదని, భయమని, జెమి కోసం భయమని క్రిస్టోఫర్‌కు ఇప్పుడు తెలిసింది. భూమి చీలితే బాగుండుననుకుంటారే, అలా అనుకున్నాడు. తప్పు నాది రామక్కా, నీది కాదు, అని ఎలాగో అన్నాడు. ఆమెకు ఆ మాటతో పని లేదు. తప్పు ఎవరిదైతేనేం, పిలిచిన నోరు తనది. ఈ పిల్లను ఇలాగే తీసుకుపోవద్దు, వెనక్కి పిలవాలి, అంది. ముసలయ్య గడ్డం గోక్కున్నాడు. దీనికి మనలో పద్ధతేదీ లేదన్నాడు. బతికున్నవాళ్ళకు కొత్తలు పెట్టిన ఇల్లు ఇంతవరకు లేదు, పద్ధతెక్కడిది? నీకు తోచినట్టు చెయ్యమన్నాడు.

ఆమె తనకు తోచినట్టే చేసింది. ఇంట్లోకి వెళ్ళి, గణేషు ఆకు పక్కనున్న రెండో ఆకును తెచ్చింది. వాడిపోయి గోధుమరంగు తిరిగిన మోదుగాకు. పుల్లలు ఊడదీసి విస్తరిని విప్పేసింది. తలుపు బార్లా తెరిచి, తను గుమ్మం లోపల నిలబడి, బయటి వెలుతురు వైపు చూస్తూ పిలిచింది.

"జెమీ... బయటికి రా."

వాకిట్లో బండి పక్కన నిలబడ్డ జెమికి ఏమీ అర్థం కాలేదు. "నేను బయటే ఉన్నాగా" అంది. జనంలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. గ్రేస్ కూతురి వీపు మీద చెయ్యి వేసి, ఆమె పిలిస్తే పలుకమ్మా అంది. రామక్క మళ్ళీ పిలిచింది. ఆఁ వస్తున్నా అంది జెమి. మళ్ళీ పిలిచింది. వస్తున్నా అంది. రామక్క గడప దాటి వచ్చి, అరచేతిలో ఇంత కొత్తన్నం పెట్టి దాని నోటికందించింది. జెమి తల్లి వైపు చూసి, ఆమె తలూపాక, నోరు తెరిచింది. నమిలి, మొహం అదోలా పెట్టింది.

"ఉప్పు లేదు" అంది.

"బతికున్న పిల్లే" అన్నాడు ముసలయ్య. "పోయినోళ్ళు ఉప్పడగరు."

ఈసారి అందరూ నవ్వారు. రామక్క కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. జెమి పళ్ళ సందులోంచి ఈల వేసింది. దుర్గ దగ్గరికొచ్చి, ఎలా వేస్తున్నావని దాని నోట్లోకి తొంగిచూసింది. గ్రేస్ ముందుకొచ్చి రామక్క చేతులు పట్టుకుంది. క్రిస్టోఫర్‌కు మాత్రం ఆ నవ్వులోకి వెళ్ళే దారి లేదు. బండి పట్టుకుని, అద్దంలో తన మొహం కనబడకుండా పక్కకు తిప్పుకున్నాడు. వీళ్ళు తనను ఇంత తేలికగా వదిలేస్తారనుకోలేదు. ఊరంతా కూచోబెట్టి నిలదీసి ఉంటే, ఇక నీ దవాఖానాకు రామని అని ఉంటే, ఎక్కడో ఒకచోట లెక్క తీరేది.

భార్యాబిడ్డలు ఎక్కి కూచున్నారు. తాళం చెవి తిప్పబోతూ వెనక్కి చూశాడు. జనం చెదిరిపోతున్నారు. రామక్క విప్పేసిన ఆకుల్ని ఏం చేయాలో తోచనట్టు చేతిలోనే పట్టుకుని, తెరిచిన తలుపులోంచి ఇంటి లోపలి చీకటి వైపు చూస్తోంది. జంపయ్యతో కోయలో చిన్నగా ఏదో అంది. జంపయ్య తల దించుకున్నాడు.

అంతోనమ్మ జీపులో పోయింది, చెప్పడానికి మనిషి లేదు. క్రిస్టోఫర్ తనే అడిగాడు.

"ఏమంటున్నది జంపన్నా?"

"ఏం లేదు సారూ. నువ్వు పో, పిలగాడు ఆడ జీపుల ఉన్నడు" అన్నాడు జంపయ్య.

క్రిస్టోఫర్ కదల్లేదు. జంపయ్య భార్య వైపు చూశాడు, డాక్టరు వైపు చూశాడు. చెప్పకపోతే ఈ మనిషి పోయేట్టు లేడని చెప్పాడు.

"గణేషు మళ్ళ ఒక్కడే అయిండు అంటున్నది" అన్నాడు. అని, ఆ మాట డాక్టరు మనసుకు ఎక్కడ తగులుతుందోనని దగ్గరికొచ్చి, బండి హ్యాండిల్ మీద చెయ్యి వేసి, "ఏమనుకోకు సారూ" అన్నాడు.